ఎడమ డోరు

నాలుగింటికి రావాలి బావమరిది. రాకపోతే పీడా పోతుంది. కానీ వాడు రాకపోతే ఈ కారు ఇలాగే ఉండిపోతుంది, మూడు పక్కలా ముసలిదై, ఒక్క పక్క మాత్రం నిన్ననే షోరూములోంచి దిగినట్టు. అతను కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని దాన్నే చూస్తున్నాడు. జానెడు కారు, ఇంటి పాత బండికి నకలు. మీగడ రంగు. బానెట్ మీద ఎండకు వెలిసి సున్నం కొట్టినట్టున్న మచ్చ, సుద్దపొడి అద్ది అద్ది తెప్పించింది. కుడి చక్రం పైన రేకు అంచున తుప్పు. ముందు ముదురు గోధుమ రంగు వేసి, దాని మీద జుట్టుకు కొట్టుకునే స్ప్రే కొట్టి, ఆరాక మీగడ రంగు పూసి, తడి కుంచెతో ఓపిగ్గా గోకితే పైరంగు పెచ్చులుగా లేచి కిందిది బయటపడుతుంది. అచ్చం తుప్పు తిన్న రేకే. వెనక బంపరుకు సొట్ట. అసలు బండిని గేటు స్తంభానికి తగిలించింది తనే, తిట్లు తిన్నది మాత్రం వెనక చూసి చెప్పని పెళ్లాం. టైర్ల గాడుల్లో ఎండిన మట్టి. వైపర్లు తుడిచినంత మేర మాత్రమే తేటగా ఉన్న ముందు అద్దం. ఇంతవరకూ చూసినవాడెవడూ దీన్ని బొమ్మ అనడు, ఎవరింటి కారండీ అంటాడు. అని, చుట్టూ తిరిగి ఎడమవైపుకు వస్తాడు. అక్కడ డోరు. నున్నగా, తెల్లమొహం వేసుకుని.

ఫోన్ చేయాలా వద్దా అని వారాల తరబడి పళ్లు నూరుకున్నాడు. చివరికి పొద్దున చేసి, సాయంత్రం నాలుగింటికి ఓసారి రా, అన్నాడు. "బావా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు వాడు. "బాగోకపోతే డాక్టర్ని పిలుస్తాను, నిన్నెందుకు పిలుస్తాను?" అని పెట్టేశాడు. నెలకోసారి పళ్ల సంచి పట్టుకుని వస్తాడు వాడు, గుమ్మం అవతలే నిలబడి, ఎలా ఉన్నావు బావా అంటాడు, బతికే ఉన్నాను అంటే సంచి గడప మీద పెట్టి పోతాడు. ఆ పళ్లు కుళ్లిపోయేదాకా ఉంచి పారేస్తాడు అతను. ఒక్కోసారి ఒకటి తింటాడు, అది వేరే సంగతి. వాడి మొహంలో ఆమె ముక్కు ఉంది. అదొకటి. ఆ ముక్కు వాడి మొహం మీద ఎందుకు ఉండాలి, ఏం పుణ్యం చేశాడని. ఆమెతో పాటే పోవలసింది, వీడి మొహాన బతికి తిరుగుతోంది, జలుబు చేస్తే చీదుతోంది, వానాకాలం తుమ్ముతోంది.

ఆమె పోయిన కొన్నాళ్లకు వచ్చి, బండి ఊరికే పడుంది బావా, తీసుకెళ్లి కాస్త చూసుకుంటాను, అన్నాడు. తాళాలు మేకుకే ఉన్నాయి, పట్టుకుపో, అన్నాడు అతను. చూసుకోవడమంటే చూసుకోవడమే అనుకున్నాడు. వాడికి కార్లకు రంగులు వేసే షెడ్డు ఉంది, వాడి చేతిలో పడ్డ ఏ రేకూ పడ్డట్టు ఉండదు, ఆ సంగతి అప్పుడు తట్టలేదు. వాడు సొట్టలు లాగాడు, పుట్టీ కూరాడు, ఇసుక కాగితం పట్టి రుద్దాడు, ఎక్కడా ఏ గుర్తూ లేకుండా నున్నగా చేసి దాని మీద నీలం రంగు కొట్టాడు. మెరిసే నీలం. తెచ్చి ఇంటి ముందు ఆపి, "చూడు బావా, అక్క బండి ఎలా తయారైందో" అని ఇంత నోరు వేసుకుని నవ్వాడు. ఇరవై ఏళ్ల బండి. అందులో ఆమె ఎక్కని రోజు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంతా గీకి డబ్బాలోకి ఎత్తి పారబోశాడు. ఇక నీ దగ్గరే ఏడవనీ అని అతను తలుపేసుకున్నాడు. పైగా నీలం. ఆమెకు నీలమంటే పడదు. పడదనే అనుకుంటాడు. ఎప్పుడైనా అడిగితే కదా. వంటింటి కూరల సంచి నీలమే, దువ్వెన కూడా నీలమే, కానీ అవి కొన్నప్పుడు అంగట్లో అవే ఉండి ఉంటాయి.

రుద్దడం అతనికీ తెలుసు. ఉద్యోగమంతా రుద్దడమే. ఫ్యాక్టరీ యజమాని కారు నడపడమని పేరు గానీ, నడిపింది ఎంత, కడిగింది ఎంత. తెల్లారకముందే బకెట్, తడిగుడ్డ, పొడిగుడ్డ, యజమాని మెట్లు దిగి వచ్చి చూపుడువేలితో డోరు మీద ఒక గీత గీసి, ఆ వేలిని ఎండకేసి పట్టి చూసేవాడు. ఆ వేలు. కలలోకి వచ్చేది. దుమ్ము ఉంటే ఒక్క మాట అనేవాడు కాదు, ఆ వేలిని డ్రైవరు చొక్కా భుజానికి తుడిచి వెనకసీట్లో కూర్చునేవాడు. అంతా అయ్యాక, పని మానేసే రోజున అందరి ముందూ చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు: అదే కారు, బొమ్మ, తళతళలాడుతూ. చప్పట్లు కొట్టారు. ఇంటికి తెస్తే ఆమె, "ఎంత ముద్దుగా ఉందో, బయట పెడదామండీ" అంది. అతను బీరువా మీదకు విసిరేశాడు. ఆమె ఉన్నన్నాళ్లూ అక్కడే ఉంది. ఆమె పోయాక ఒక మధ్యాహ్నం ఇంట్లో చప్పుడనేది లేక చెవులు గింగురుమంటుంటే దాన్ని దించి, పెట్టె విప్పి, మేడ మీదకు పోయి నాలుగు వేళ్లకూ దుమ్ము పట్టించి ఆ కారు ఒంటినిండా పులిమాడు. జీవితంలో అంత హాయి ఎరగడు. తుడిచిన మురికంతా తిరిగి ఇచ్చేశాడు. తర్వాత దుమ్ము నిలవడం లేదని సుద్దపొడి కొన్నాడు, సుద్దపొడి రాలిపోతోందని మెరుపు లేని వార్నిషు కొన్నాడు, అలా ఒక్కొక్కటీ, ఇప్పుడు బల్ల నిండా సీసాలే. బొమ్మల చక్రాలు పీకి వేరే చక్రాలు వేస్తాడు, సీట్లు కోసి కుంగదీస్తాడు, కొత్త కార్లను పాతికేళ్లు ముసలివి చేస్తాడు. మెరుపు అనేది ఈ ఇంట్లోకి రాకూడదు. రానివ్వడు.

రంగుల కొట్టు మేడ మీద ఆదివారం ఆదివారం బొమ్మకార్ల వాళ్లు చేరతారు. అదో సంత. ఒకడు కారు కన్నా దాని కింద పెట్టే గడ్డిని ఎక్కువ చూసుకుంటాడు. ఒకడు తుప్పు వేయమంటే అన్నం మీద కూర పోసినట్టు పోస్తాడు, ప్లాస్టిక్ బంపరుకు కూడా తుప్పు పట్టిస్తాడు, ప్లాస్టిక్కుకు తుప్పేమిట్రా అంటే చూడ్డానికి బాగుందంటాడు. అందరికన్నా ఒళ్లు మండించేవాడు పళ్ల డాక్టరు. ఆ చేతులు, ఆ సన్నటి కొక్కేలు, ఆ దీపం, ఇన్ని ఉండీ రెండు డోర్లకూ ఒకే చోట ఒకే గీత, ఒకే తుప్పు, అద్దంలో చూసుకున్నట్టు. కారు ఏదో ఒక పక్కే గోడకు ఆనుతుంది, ఏదో ఒక పక్కే ఎండ తింటుంది, రెండు పక్కలా ఒకేలా ఎప్పుడు ముసలిదవుతుంది? పోయిన ఏడు అందరి ముందూ అడిగాడు: "డాక్టరుగారూ, మీ దగ్గరికొచ్చేవాళ్లకి రెండు పక్కలా అదే పన్ను, అదే రోజు పుచ్చుతుందా?" మేడ అంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు, కానీ దాచుకున్నాడు, ఏడాదంతా చెంపలో పెట్టుకున్నాడు. ఆమధ్య ఈ మీగడ రంగు కారు తీసుకెళ్తే, ఎవరూ ఏమీ అనకుండా చూస్తుంటే, ఆ నిశ్శబ్దానికి అతనికి ఛాతీ పొంగుతుంటే, డాక్టరు వంగి కుడి డోరు చూశాడు, చుట్టూ తిరిగి ఎడమ డోరు చూశాడు, మళ్లీ కుడికి వచ్చాడు. "మాష్టారూ, ఈ గీత నాకు ఇంతకుముందే పరిచయం అయినట్టుందే. అటుపక్క డోరుకి కవల పిల్ల కాదు గదా?" అన్నాడు. మేడ మళ్లీ నవ్వింది.

తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నిజం. తాళంచెవి గీత కుడి డోరుది, తను గీసిందే, చీకట్లో తాళం రంధ్రం వెతుక్కుంటూ. అదే ఎడమ డోరుకు కూడా పెట్టాడు. పెడుతున్నట్టే తెలియలేదు, చెయ్యి దానంతట అది పెట్టేసింది. ఇంటికొచ్చి సన్న బ్లేడుతో ఎడమ డోరు మొత్తం రేకుదాకా గీకేశాడు, మళ్లీ మీగడ రంగు పూశాడు, కుంచె పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు. అప్పుడు తెలిసింది, అసలు బండి ఎడమ డోరు తనెప్పుడూ చూడలేదని.

చూడకుండా ఎలా ఉంటాడు. ఇరవై ఏళ్లు. ఉండు, గుర్తు చేసుకో. కారు పెట్టే చోటు ఇంటి పక్క సందు, ఎడమవైపు గోడ, మనిషి దూరలేడు. అక్కడ చూసే పనిలేదు. పొద్దున తను ఎక్కి వెనక్కి తీసి రోడ్డు మీద పెడతాడు, దారిలో బజారు దగ్గర దిగాల్సిన ఆమె గేటు మూసి తాళం వేస్తుంటుంది, తను హారన్ కొడతాడు. వస్తున్నానండీ, అంటుంది. మళ్లీ కొడతాడు. ఆలస్యమైతే యజమాని మెట్ల మీద వేలు పట్టుకుని నిలబడతాడు, ఆమెకేం తెలుసు. తన కళ్లు రోడ్డు మీదే. డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉండాలి, పక్కకు తిరిగి పెళ్లాన్ని చూస్తూ కూర్చుంటే ఎవడి ప్రాణం మీదకు వస్తుందో. ఆమె వచ్చి కూర్చుంటుంది, ఇప్పుడు లోపలి డోరు కావాలంటే కళ్లు మూసుకుని గీయగలడు: అద్దం దించే పిడికి తల ఊడిపోయి ఇనుప ముక్క మిగిలింది, దానికి ఆమె గుడ్డపీలిక చుట్టింది, చెయ్యి ఆనించే చోట రెక్సిను పగిలి దూది కనబడుతుంది. అంతా లోపలే. బయట అద్దం కూడా లేదు ఎడమవైపు, ఆ పాత బండ్లకు ఉండేది కాదు. పెట్టించండి, అని ఒకసారి అంది. నువ్వున్నావుగా చూసి చెప్పడానికి, అన్నాడు. అప్పటినుంచీ ఆమే మెడ తిప్పి చూసి చెప్పేది, సైకిలొస్తోంది ఆగండి, ఆ ఇప్పుడు ఖాళీ, రండి. ఆమె చెబితే తిప్పేవాడు. అంటే ఎడమవైపు లోకమంతా ఇరవై ఏళ్లు ఆమె నోటినుంచే విన్నాడు. ఎక్కడికైనా ఇద్దరూ కలిసి వెళ్తే, దిగాక? దిగాక తను ముందు నడిచేవాడు, ఆమె సంచులు తీసుకుని వెనక వచ్చేది. కడిగేటప్పుడు? యజమాని బండి కడిగి కడిగి విసిగిన చేతులు, ఇంటి బండి మీద ఒక్క చెంబు నీళ్లు పోసి ఎరగవు. ఆమే కడిగేది. ఫొటోలు తిరగేశాడు, అన్నీ గుమ్మంలోంచి తీసినవే, అన్నింట్లోనూ కుడివైపే, ఒకదాంట్లో తను స్టీరింగు పట్టుకుని, అవతల ఆమె జుట్టు మాత్రం కాస్త.

ఏదో ఒకటి వేసేస్తే ఎవడికి తెలుస్తుంది. గోడ పక్కన ఉండేది కాబట్టి చెమ్మ పట్టి ఉంటుంది, కింద అంచున తుప్పు, గోడ రాసుకున్న గీత, సున్నం మరక. డాక్టరు కూడా నోరు మూసుకుంటాడు. వేయగలడు. చిటికెలో వేయగలడు. అది ఎవరిదో డోరు అవుతుంది. అదే మింగుడుపడటం లేదు. లోకంలో ఆ డోరును చూసినవాళ్లు ఇద్దరే: కడిగిన ఆమె, గీకిన బావమరిది. ఆమెను అడిగే దారి లేదు. అడిగే దారి ఉన్నప్పుడు ఏం అడిగాడు, ఉప్పు ఎందుకు ఎక్కువైంది, తాళం వేయడానికి ఎంతసేపు. వీడిని అడగాలి ఇప్పుడు. నోరు తెరిచి, ఈ ముక్కుగాడి ముందు. అడగడు. కారు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటాడు, వాడే చూసి వాగుతాడు, వాగడం వాడి జబ్బు.

కింద నీలం మెరిసింది. కిటికీలోంచి కంట్లో పొడిచినట్టు. ఎండంతా తనకోసమే వచ్చినట్టు మెరుస్తూ వచ్చి ఆగింది. వాడు దిగాడు, పళ్ల సంచితో సహా. మెట్ల చప్పుడు. తలుపు ముందే తీసి ఉంచాడు అతను, మళ్లీ లేచి నిలబడాల్సిన పని లేకుండా. వాడు అలవాటుగా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా."

వాడు గడపకేసి చూశాడు, అతనికేసి చూశాడు. "నిజంగానే ఒంట్లో బాగోలేదా ఏంటి బావా?"

"వస్తావా, మూసేయమంటావా?"

వచ్చాడు. చెప్పులు విడిచి, దొంగలా అడుగులు వేస్తూ. బల్ల మీద కారు కనబడేసరికి సంచి నేల మీద పెట్టేశాడు. ముట్టుకోలేదు, అంతవరకు బుద్ధి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని కళ్లు దాని ఎత్తుకు తెచ్చుకుని చూశాడు. రంగుల పని చేసేవాడి చూపు అది, అంచులు వెతికే చూపు. వాగుతాడనుకున్నవాడు వాగలేదు. ముక్కు ఎగబీల్చాడు ఒకసారి.

"అమ్మ బాబోయ్. అక్క బండే. ఈ బంపరు సొట్ట లాగడానికి నా నడుం విరిగింది బావా." చుట్టూ జరిగాడు. ఎడమవైపు వచ్చాడు. ఆగాడు. "ఇదేంటి, దీనికి ఇంకా వేయలేదే?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "వేయాలి."

"వెయ్యి మరి."

అతను కిటికీ వైపు నుంచి తిరగలేదు. వాడు డోరు చూశాడు, సీసాలు చూశాడు, బావ వీపు చూశాడు. అర్థమైనట్టుంది. అర్థమైనవాడు ఊరుకోవచ్చు కదా, ఊరుకోడు.

"నీకు తెలీదా?" అన్నాడు మెల్లగా. "నన్ను పిలిచింది ఇందుకా?"

"తెలిసింది చెప్పి పో."

"అడుగుతున్నావా, ఆర్డరేస్తున్నావా?"

"గీకి పారేసినవాడివి నువ్వు. చెప్పాల్సిన బాధ్యత నీది."

వాడు లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. "తుప్పు లేదు బావా ఆ డోరుకి. కింద అంచున కాస్త ఉంది, అది గోడ చెమ్మ. నువ్వేసుకోగలవు. పైన, ఇదిగో ఇక్కడ, అద్దం కింద, అరచేయంత మేర అసలు రంగే లేదు. రేకు బయటపడి మెరుస్తా ఉండేది, వెండి గిన్నెలాగ. చుట్టూ సన్నగా లోపలికి కుంగి ఉంది. నేను మొదట ఏదో రాయి తగిలిందనుకున్నా. చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా చెయ్యి పట్టింది. రోజూ చెయ్యి పడే చోట తుప్పెక్కడ పడతాది."

"చెయ్యి బయట పెట్టుకునే అలవాటు లేదు ఆమెకు."

"పెట్టుకోవడం కాదు బావా. కొట్టడం." వాడు బల్ల అంచు మీద అరచేత్తో కొట్టి చూపించాడు, ఠప్ ఠప్. సీసాలు కదిలాయి. "నువ్వు అక్క కూర్చోకముందే బండి కదిలించేసేవాడివి. ఒక కాలు బయట, సంచి బయట. ఆగండి ఆగండి అని డోరు మీద కొట్టేది. నేను ఎన్నిసార్లు చూశానో గేటు దగ్గర నిలబడి. మా ఇంటి నుంచి వెళ్లేటప్పుడు కూడా అంతే. ఏంటక్కా ఇది అంటే, మీ బావకి టైమైపోతాదిరా, అని నవ్వేది."

అబద్ధం, అన్నాడు అతను. అన్నాననుకున్నాడు. ఆ చప్పుడు చెవిలో ఉంది, బల్ల మీద వాడు కొట్టింది కాదు, అసలుది, రేకుది, ప్రతి పొద్దునా వినేది, విని, డోరు విసిరి వేసిందనుకుని, డోరు మెల్లగా వేయి, నీ అబ్బ సొమ్మా, అనేవాడు. ప్రతి పొద్దునా. ఆమె ఇటు తిరిగి ఏదో అనబోయి, సంచి ఒళ్లో సర్దుకుని, సరేనండీ అనేది. డోరు కాదు. ఒక్కసారి కూడా డోరు కాదు అనలేదు. ఎందుకు అనలేదు. అంటే వినేవాడివా. ఎందుకు అనలేదే, నోరు లేదా నీకు.

"పుట్టీ కూరి మూసేశావు," అన్నాడు పైకి.

"మూశాను. నీ కళ్లబడకూడదని మూశాను. బండి తెచ్చి చూపిస్తే నువ్వు ఇటువైపు వచ్చి చూస్తావేమో, తెలిసిపోతాదేమో అనుకున్నా." వాడు సంచి తీసి కుర్చీ మీద పెట్టాడు. "నువ్వు చూడలేదు, నేను మూశాను. ఇద్దర్లో ఎవడి తప్పు ఎక్కువో నువ్వే తేల్చుకో బావా. నేను పోతున్నా."

"పో. ఆ పళ్లు కూడా పట్టుకుపో."

పట్టుకుపోలేదు. మెట్లు, చెప్పుల చప్పుడు, ఇంజను. నీలం మెరుపు గోడ మీద ఒకసారి పాకి పోయింది. అతను కారును దగ్గరకు జరుపుకున్నాడు. ఎడమవైపు తనకేసి తిప్పుకున్నాడు. అద్దం కింద, అరచేయంత మేర. ఈ కొలతలో అది శనగ గింజంత. దీనికి గోధుమ రంగు పనికిరాదు, స్ప్రే పనికిరాదు, బల్ల నిండా ఉన్న ఇన్ని సీసాల్లో ఒక్కటీ పనికిరాదు. పైరంగు పోవాలి, అడుగు రంగు పోవాలి, రేకు రావాలి. మెరవాలి. ఇసుక కాగితం మోచేతి పక్కనే ఉంది, నాలుగు సార్లు రుద్దితే అయిపోతుంది. దాన్ని ఎడంగా నెట్టేశాడు. చూపుడువేలు ఆ చోట పెట్టాడు. రుద్దాడు. ఏమీ కాలేదు. ఉత్త వేలికి రంగు పోదు, ఏళ్లు పడుతుంది, ఆ సంగతి అతనికి తెలియక కాదు. కిటికీలో వెలుగు తగ్గుతోంది. వేలు నొప్పి పుట్టింది. దిక్కుమాలిన రంగు, గట్టిగా వేశాను, అనుకున్నాడు, రుద్దుతూనే ఉన్నాడు.